మూడో నంబరు ముక్క

ఇందుకూరుపేట
22 జనవరి 2024

అన్నయ్యకు,

ప్రభువు కృప వల్ల ఇంట్లో అందరం బాగున్నాం, వంటిల్లు తప్ప. సింకు కింద కబోర్డు అడుగు పలక ఉబ్బి వంగిపోయింది. పై వరస ఒక పక్కకు ఒరిగింది. నువ్వు 1999 మే నెలలో సెలవు పెట్టి వచ్చి, పన్నెండు రోజులు కూర్చుని చేసిన కబోర్డులే.

ఫోను చేద్దామంటే నీ చెవులు సహకరించవు. పోయినసారి మావాడు సుశీల్ స్కూటరు మీద నుంచి పడినాడని నేను చెప్తే నువ్వు "చాలా సంతోషం" అన్నావు. ఆ కేరళ ప్లైవుడ్ ఫ్యాక్టరీలో ఇరవై ఎనిమిదేళ్ళు రంపం మిషను పక్కన నిలబడినందుకు వాళ్ళు నీకిచ్చిన బహుమానం అది. కాబట్టి ఇకమీదట మనకు ఉత్తరమే గతి.

ఇంట్లో మూడు మాటలు నడుస్తున్నాయి. కోడలు క్యాథరిన్ నెల్లూరులో ఒక షోరూం చూసొచ్చింది. మొగం కనపడేంత మెరిసే తెల్ల తలుపులంట. షోరూం మనిషి తలుపు మీద చెంబెడు నీళ్ళు పోసి గుడ్డతో తుడిచి చూపించినాడంట. అంతటితో ఆమె కరిగిపోయింది. సుశీల్ మన వడ్రంగి పెంచలయ్య చేత ప్లైవుడ్‌తో చేయిద్దామంటాడు. నేను పాతవే బాగుచేయించి ఉంచుదామంటాను. మీ బావ జయకుమార్ పోయి మూడేళ్ళు కావస్తోంది. ఆయన ఉన్నప్పటి వస్తువులు ఒక్కొక్కటే ఇంట్లోంచి పోతున్నాయి. ఇదొక్కటి ఉండనీ అని నా పట్టు.

వాదన తెగక ఒక మాట ఇచ్చినా. చెక్క మంచిదో కాదో చెప్పడమే మా అన్న జీవితమంతా చేసిన పని, ఆయన పనికొస్తుందంటే అది ఉంటుంది, పనికిరాదంటే అది పోతుంది, ఎవరూ నోరెత్తకూడదు అన్నా. క్యాథరిన్ కూడా సరేననింది.

మూడు ముక్కలు పొట్లం కట్టి పంపుతున్నా. వాటి మీద నంబర్లు మాత్రం చెక్కించినా. ఏది యాడిదో రాయను. రాస్తే నువ్వు ముక్కను వదిలేసి మనిషిని తిడతావు. నంబర్ల చీటీ నా బైబిల్లో, కీర్తనల దగ్గర పెట్టినా. ఈస్టరులోపల వంటిల్లు కావాలి.

నీ చెల్లెలు,
పుష్పకుమారి


పెరుంబావూరు
1 ఫిబ్రవరి 2024

పుష్పా,

పొట్లం అందింది. సుశీల్ పడినందుకు సంతోషించినానని వాడు అనుకోకుండా చూడు. ఎన్ని కుట్లు పడినాయో నువ్వు రాయలేదు.

తలుపు మీద నీళ్ళు పోసి చూపించినాడా. ఆ మెరుపు ప్లాస్టిక్ పొర. ప్లాస్టిక్ తడవదని తెలుసుకోవడానికి నెల్లూరు దాకా బస్సెక్కి పోవాల్సిన పని లేదు, మీ ఇంట్లో బకెట్టు లేదా. నీళ్ళు తాగేది తలుపు మొగం కాదు. కోసిన అంచు, స్క్రూ దిగిన బెజ్జం, సింకు పైపు కోసం కొట్టిన రంధ్రం, ఈ మూడు తాగుతాయి. ఆ మూడింటి మీద చెంబెడు పొయ్యమనండి. పొయ్యడు. ఫోను వచ్చిందని పక్కకు పోతాడు.

క్యాథరిన్‌ను ఈసారి కళ్ళతో కాకుండా చేతులతో చూడమను. వెనక పలక మందం వేలితో పట్టి చూడాలి. అట్టలాగా వంగితే అది అట్టే. సొరుగు పూర్తిగా బయటికి లాగి మీ కుక్కరు అందులో పెట్టాలి, ముందుకు వాలితే ఆ సొరుగు స్పూన్లకే. తలుపు తిరిగే ఇనుప హింజి ఒకటి అడిగి తెచ్చుకుని, మైపాడు నుంచి సీసాడు సముద్రం నీళ్ళు తెప్పించి, అందులో నాలుగు రోజులు వేసి పెట్టండి. మీ ఊరి గాలి అదే నీళ్ళు, కొంచెం పలచగా.

నా పని ఎట్లా ఉండేదో నీకు తెలుసు గదా. రోజుకు ఆరేడు వందల షీట్లు చిన్న సుత్తితో తట్టేవాడిని. లోపల ఖాళీ ఉన్న చోట శబ్దం మారుతుంది. మంచివి ఒక పక్క. చెడ్డవి ఇంకో పక్క, వాటి మీద ఎర్ర రంగుతో అడ్డగీత. ఇప్పుడు తట్టినా నాకు వినపడదు. అందుకని ముక్కల్ని నీళ్ళలో ఉడకబెడుతున్నా, జిగురు మంచిది కాకపోతే పొరలు విడిపోతాయి. ఫ్యాక్టరీ క్యాంటీన్ వంటమనిషి ఒక పాత గిన్నె ఇచ్చినాడు.

నేను చేసిన కబోర్డుల విషయంలో నన్ను అడగాల్సిన అవసరమే లేదు. దాన్ని కోసి ముక్క పంపేంత తెలివితక్కువదానివి కావు నువ్వు. అది మొదటి రకం సరుకు. బావను అడిగినా అదే చెప్పేవాడు. పాతికేళ్ళు ఉప్పుగాలిలో నిలబడిందంటే అంతకు మించిన సర్టిఫికెట్టు ఏముంది. పలక ఉబ్బితే ఆ ఒక్క పలక మార్చండి.

నీ అన్న,
జ్ఞానప్రకాశం


ఇందుకూరుపేట
11 ఫిబ్రవరి 2024

అన్నయ్యకు,

సుశీల్‌కు నాలుగు కుట్లు. నీ సంతోషం వాడికి చెప్పినా, నవ్వినాడు.

మేం షోరూంకు పోయినాం. లోపల ఏసీ, గోడలకు అద్దాలు, మనుషులు తక్కువ. నీ ప్రశ్నలన్నీ క్యాథరిన్ ఫోనులో రాసుకుని వచ్చింది. వెనక పలక పట్టుకుంటే వంగింది. అది అట్లానే ఉండాలి మేడం, గాలి ఆడాలి గదా అన్నాడు అక్కడి మనిషి. కోసిన అంచు చూపించమంటే, మా దగ్గర అంచు అనేది కనపడదు, అదే మా ప్రత్యేకత అన్నాడు. సొరుగులో నా కుక్కరు పెట్టినా. సొరుగు వాలింది. ఇంట్లో అంత బరువైన కుక్కరు ఎందుకని నన్నే అడిగినాడు. నీళ్ళ చెంబు అడిగితే నువ్వు చెప్పినట్టే ఫోను వచ్చింది.

లైఫ్‌టైం గ్యారంటీ అన్నాడు. ఎవరి లైఫ్‌టైం బాబూ అని అడిగినా. నా తల నెరుపు చూసి "మీదే మేడం" అన్నాడు. తక్కువలో పోతుందని లెక్కేసుకున్నట్టున్నాడు.

హింజి ఒకటి తెచ్చినాం. క్యాథరిన్ మైపాడు నీళ్ళ సీసాలో వేసి, కిటికీలో పెట్టి, రోజూ పొద్దున్నే ఫోటో తీసింది. మూడో రోజుకు నీళ్ళు టీ రంగుకు వచ్చినాయి. అయినా ఆ తెల్ల తలుపుల మీద ఆశ చావలేదు. హింజీలు వేరే వేయించుకుందాం అత్తయ్యా అంటుంది.

పెంచలయ్యను కూడా మెచ్చుకోను. ఆయన కొలత తీసేది జానతో. టేపు ఉంది గదా అంటే, టేపు సాగుతుందమ్మా, చెయ్యి సాగదు అంటాడు.

పాత కబోర్డుల గురించి నువ్వు రాసింది చదువుకున్నా. నేనేమీ అనను. ముక్కల సంగతి త్వరగా రాయి. నా మాట నీ చేతిలో ఉంది.

నీ చెల్లెలు,
పుష్పకుమారి


పెరుంబావూరు
22 ఫిబ్రవరి 2024

పుష్పా,

తీర్పు రాస్తున్నా. ఇంట్లో అందరి ముందూ చదివించు, పెంచలయ్య కూడా ఉంటే మంచిది.

ఒకటో నంబరు. పైన తెల్ల మెరుపు, లోపల రంపపు పొట్టును అచ్చు పోసిన పలక. నలభై నిమిషాలకు ఉప్మా అయింది. వంటమనిషి గరిటెతో కలిపి చూసి, ఉప్పు తగ్గిందన్నాడు. ఇది షోరూంవాడిదని చెప్పడానికి నీ చీటీ అక్కర్లేదు.

రెండో నంబరు. రబ్బరు చెట్టు చెక్క. మూడు రోజులు, రోజుకు ఎనిమిది గంటలు ఉడకబెట్టినా. ఒక మూల పై పొర గోరుతో లాగితే కొంచెం లేచింది. మిగతాది గట్టి. చూడ్డానికి ఏమీ లేదు. జిగురు నిజమైనది. తీసుకోవచ్చు.

మూడో నంబరు. ఇది మీకు ఎవరు అంటగట్టినారో గాని, వాణ్ణి గడప తొక్కనివ్వొద్దు. యాడో పడగొట్టిన ఇంటి చెక్క తెచ్చి కొత్తగా అమ్మజూస్తున్నాడు. పెంచలయ్యే అయితే పెంచలయ్యనే అంటున్నా. మధ్య పొరల్లో వేలు దూరేంత ఖాళీలు రెండు. జిగురులో పిండి కలిపినారు. రెండు గంటలకే పొరలు విడిపోవడం మొదలైంది. మా దగ్గర ఇట్లాంటి షీటు వస్తే తట్టే పని కూడా లేదు, ఎత్తి పక్కన పారేసేవాళ్ళం.

పైగా దాని నిండా రంగు. చెక్క చెడ్డదని తెలిసి కప్పిపెట్టడానికి వేసినాడు. ముందూ, వెనకా, అంచులకూ వేసినాడు. అంచు గీకి భూతద్దంతో చూస్తూ పొరలు లెక్కపెట్టినా, ఇరవై రెండు. కింద నీలం, దాని మీద గోధుమ, మళ్ళీ నీలం, ఏడోది పచ్చ, తర్వాత ఎరుపు కూడా ఉంది. ఒక రంగు మీద ఇంకో రంగుకు పొంతన లేదు. వేసినవాడు మతి నిలకడ లేని మనిషి అయినా అయి ఉండాలి, పక్కా మోసగాడైనా అయి ఉండాలి. ఇంత రంగు ఖర్చు పెట్టే బదులు ఒక మంచి షీటు కొనుక్కోవచ్చు గదా.

మూడో నంబరు చెక్క ఇంట్లో యాడున్నా ఈరోజే బయట పెట్టించు. ఇది నా మాట.

నీ అన్న,
జ్ఞానప్రకాశం


ఇందుకూరుపేట
4 మార్చి 2024

జ్ఞానప్రకాశం గారికి,

మీరు చెప్పినట్టే అందరి ముందూ చదివించినాం. క్యాథరిన్ చదివింది. మూడో నంబరు దగ్గరికి వచ్చేసరికి పెంచలయ్య లేచి సంచి భుజాన వేసుకున్నాడు. నలభై ఏళ్ళుగా ఈ మండలంలో తలుపులు చేస్తున్నా, మోసగాడన్న మాట కేరళ నుంచి వచ్చి పడాల్నా అని వెళ్ళిపోయినాడు. సుశీల్ బస్టాండు దాకా పోయి బతిమాలి తీసుకొచ్చినాడు. అప్పుడు నేను బైబిల్లోంచి చీటీ తీసి క్యాథరిన్‌కు ఇచ్చినా.

ఒకటి షోరూం. రెండు పెంచలయ్య. మూడు మా వంటింటి పై వరస కబోర్డు, కుడి పక్క పలక.

ఆ పిల్ల చీటీ చదివి, మడిచి, నా చేతిలో పెట్టి, "అత్తయ్యా, ఈ ఉత్తరం మనకు అందలేదనుకుందాం" అనింది. మెరుపు చూసి పడిపోయే మనిషి అని నేను ఇన్నాళ్ళూ అనుకున్న కోడలు ఆ మాట అనింది. నేను ఒప్పుకోలేదు. మాట ఇచ్చింది నేను. శనివారం పెంచలయ్య కబోర్డులు దించేసినాడు.

ఇక ఆ మతి నిలకడ లేని మనిషి గురించి. ఆయన పేరు జయకుమార్. మీ చెల్లెలి మొగుడు. క్రిస్మస్‌కు ఊరంతా గోడలకు రంగులు వేసుకుంటుంది. ఆయన ప్రతి డిసెంబరు మొదటి శనివారం స్క్రూలు విప్పి, కబోర్డులు గోడ మీద నుంచి దించి, ముందు, వెనక, అంచులు అన్నీ గీకి రంగు వేసేవాడు. 1999 నుంచి 2020 దాకా ఇరవై రెండు డిసెంబర్లు. రెండు రోజులు నేను వసారాలో పొయ్యి పెట్టుకుని వండుతూ ఆయన్ని తిడతా ఉండేదాన్ని. గోడ వైపు ఎవరు చూస్తారయ్యా అంటే, "ఉప్పుగాలికి ముందూ వెనకా తెలీదు" అనేవాడు. పొంతన లేని రంగులు ఎందుకంటే, ఆ ఏడు యాడ ఏ డబ్బా మిగిలితే అది తెచ్చేవాడు. నీలం మైపాడులో పడవకు వేసి మిగిలింది. ఎరుపు చర్చి గేటుది.

ఆయన పోయినాక ఎవరూ వేయలేదు. మూడు వానాకాలాలకే పలక ఉబ్బింది.

నువ్వు గుర్తుపడతావని పంపినా. నీ చేతి పని నీకు తెలియకుండా పోతుందా అనుకున్నా.

పుష్పకుమారి


పెరుంబావూరు
14 మార్చి 2024

పుష్పా,

ఉత్తరం వచ్చి నాలుగు రోజులైంది. మూడు జవాబులు రాసి చించేసినా. మొదటి దాంట్లో చెక్క మంచిదే, మీ ఊరి గాలి చెడగొట్టిందని రాసినా. రెండో దాంట్లో నేను వాడిన షీటుకూ ఈ ముక్కకూ సంబంధం లేదని, పెంచలయ్య మార్చినాడని రాసినా. మూడోది రాయడానికే సిగ్గేసింది.

ఇది నాలుగోది. చెక్క గురించి నేను రాసింది ప్రతి మాటా నిజం. 1999లో నేను తెచ్చింది ఎర్ర గీత పడిన షీట్లు. అట్లాంటివి పొయ్యిలో పెట్టుకోవడానికి పనివాళ్ళకు ఊరికే ఇచ్చేవాళ్ళు. నీ పెళ్ళికి నేను ఏమీ పెట్టలేకపోయినా. చేతిలో విద్య ఉంది, సరుకు లేదు. ఆరు షీట్లు నెల్లూరు పోయే లారీలో వేసుకుని వచ్చినా. ఎర్ర గీతల్ని గరుకు కాగితంతో గీకి వార్నిష్ పూసినా. గోడ వైపు వచ్చేదాన్ని మాత్రం గీకలేదు, ఎవరు చూస్తారులే అని. మొదటి రకం సరుకని బావతో చెప్పినా. చెప్పీ చెప్పీ నేనే నమ్మినా. మోసగాడు అని రాసినా గదా, వాడి అడ్రసు పెరుంబావూరే.

2006 ఎండాకాలంలో మీ ఇంటికి వచ్చినప్పుడు కబోర్డులు పచ్చగా ఉన్నాయి. నేను ఆ వంటింట్లో నిలబడి టీ తాగినా. ఏడో పొర పచ్చ అని నా చేత్తోనే రాసినా. అయినా తట్టలేదు.

బావ నా మోసం సంగతి తెలియకుండానే పోయినాడు. లాక్‌డౌన్ వల్ల ఆఖరి చూపుకు కూడా రాలేకపోయినా. తెలిస్తే ఆయన మొగం ఎట్లా చూసేవాడిని. ఆ ఒక్కటి దక్కిందనుకుంటా.

పెంచలయ్యకు నా తరపున ఏం చెప్పాలో నువ్వే చెప్పు.

జ్ఞానప్రకాశం


ఇందుకూరుపేట
24 మార్చి 2024

అన్నయ్యకు,

పెంచలయ్యకు నీ ఉత్తరం పూర్తిగా చదివి వినిపించినా. రెండుసార్లు వినినాడు. రెండోసారి కుర్చీ తెప్పించుకుని వినినాడు.

నీకు దక్కిందనుకున్న ఆ ఒక్కటి కూడా దక్కలేదు. నీ ఉత్తరం చదివి, దించి పెట్టిన పై వరసను తిప్పి చూస్తే దాని నెత్తిన, గోడకు ఆనే మూలలో, రంగు వేయకుండా వదిలిన బెత్తెడు జాగా కనపడింది. అందులో జయకుమార్ పెన్సిలుతో వరసగా రాసి పెట్టినాడు. ఏడు, రంగు, అంతే. మొదటి వరస ఇట్లా ఉంది: "1999. నీలం. వెనక ఎర్ర గీత మీద రెండుసార్లు."

పెంచలయ్య వెనక పలక గీకి చూపించినాడు. గీత ఉంది. ఆ గీతకు అర్థం ఏందో 1993లో నువ్వు ఉద్యోగంలో చేరినప్పుడు మా అందరికీ గొప్పగా చెప్పినావు. ఆయన మరిచిపోయే మనిషి కాదు.

కాబట్టి మొదటి డిసెంబరు నుంచే ఆయనకు తెలుసు. నాకు చెప్పలేదు. పెళ్ళిళ్ళలో కనపడినప్పుడల్లా నువ్వు పది మందిలో నిలబెట్టి, బావా, నా సరుకు ఎట్లుంది అని అడిగేవాడివి. "రాయిలాగుంది బావా" అనేవాడు. నేను పక్కనే ఉండేదాన్ని. ఇంటికొచ్చి డబ్బా యాడ దొరుకుతుందా అని వెతికేవాడు.

నీ చెక్కను పెంచలయ్య పొయ్యిలోకి పట్టుకుపోయినాడు. ఆ రాతలున్న నెత్తి పలక మాత్రం క్యాథరిన్ కోయించి పెట్టుకుంది.

కొత్తవి రెండో నంబరు షీటుతో చేయించినాం. బిగించే ముందు క్యాథరిన్ పెంచలయ్యను ఆపింది. షెడ్డులో మీ బావ బ్రష్ వెతికి తీసింది. అది రాయి అయిపోయి ఉంటే రెండు రోజులు కిరసనాయిలులో నానబెట్టింది. పలకలన్నీ పరిచి వెనకవైపు, అంచులు, పైపు రంధ్రం లోపల కూడా రంగు వేసింది. తెలుపే. ఆమెకు తెలుపు కావాలంట, వేసుకోనీ. సుశీల్ వెనకవైపు ఎందుకని అడిగినాడు. ఆమె నా వైపు చూసింది. నేను వసారాలో వండుకుంటూ ఉన్నా.

షోరూం మనిషి ఫోను చేసి ఎప్పుడు బిగించమంటారు మేడం అన్నాడు. మీ లైఫ్‌టైం మా కిటికీలో మూడు రోజులకే అయిపోయింది, సీసా కావాలంటే పంపిస్తా అనింది క్యాథరిన్.

ఆ ముక్క ఏ స్థితిలో ఉన్నా తిరిగి పంపు.

పుష్ప


పెరుంబావూరు
3 ఏప్రిల్ 2024

పుష్పా,

ముక్క పంపుతున్నా. పంపే ముందు ఇంకోసారి ఉడకబెట్టినా. ఈసారి రోజంతా. ఎందుకంటే మొదటిసారి నేను చెక్కనే చూసినా.

చెక్క పొరలు ఏడు. ఏడూ విడిపోయి గిన్నెలో తేలినాయి. వాటిని పారబోసినా. మిగిలింది రంగు. ఇరవై రెండు పొరలు కలిసి ఒకటే బిళ్ళ. మందం మిల్లీమీటరు. వంచితే వంగుతుంది, వదిలితే మళ్ళీ తిన్నగా అవుతుంది. ఒక్క పొర కూడా లేవలేదు. గోరుతో లాగి చూసినా, కత్తి మొనతో చూసినా. నువ్వు చెక్కించిన మూడో నంబరు అట్లానే ఉంది.

ఇరవై ఎనిమిదేళ్ళలో ఇట్లాంటిది నా చేతి కింద పోలేదు.

డిసెంబరులో నేను వస్తే గడప తొక్కనిస్తావా. ఆ మాట రాసింది నేనే గనక అడుగుతున్నా.

జ్ఞానప్రకాశం


ఇందుకూరుపేట
15 ఏప్రిల్ 2024

అన్నయ్యకు,

అందింది. చీటీ పెట్టిన చోటే పెట్టినా. బైబిలు సరిగా మూసుకోవడం లేదు, అయినా పర్వాలేదు.

ఈ ఏడు డిసెంబరు మొదటి శనివారం ఏడో తారీకు. శుక్రవారానికే రావాలి. స్క్రూలు విప్పే పని, దించే పని, గీకే పని నీవి. పెంచలయ్య కుర్చీ వేసుకుని చూస్తాడంట. రెండు రోజులు వసారాలో వంట, మాటలు పడడానికి సిద్ధపడి రా.

బ్రష్ నువ్వే కొని తెచ్చుకో. మీ బావది క్యాథరిన్ దగ్గరుంది, నీకివ్వదు.

నీ చెల్లెలు,
పుష్పకుమారి